సంక్రాంతికి టెన్త్ బ్యాచ్ కలయిక, వయసు 47, చేతిలో రెండున్నర నెలలు. ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

తెనాలి_ఆడపడుచు:

నమస్కారం అండీ అందరికీ. పోస్టు కాస్త పెద్దది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మాది తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. అక్కడి జడ్పీ హైస్కూల్లో 1993లో టెన్త్ పాసైన బ్యాచ్ మాది. ఇన్నాళ్లూ ఎవరి గోల వాళ్లది. ఈ మధ్య ఎవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు, ఇక చూడండి, పొద్దున లేస్తే గుడ్‌మార్నింగ్‌లు, రాత్రయితే పాత గ్రూప్ ఫోటోలో ఎవరు ఎవరో గుర్తుపట్టే పోటీలు. కనుమ మర్నాడు అందరం స్కూల్లోనే కలవాలని తీర్మానం కూడా అయిపోయింది. మాస్టార్లకి సన్మానం, మధ్యాహ్నం భోజనాలు, డ్రోన్ కెమెరా, గేటుకి అందరి మొహాలతో ఫ్లెక్సీ. ఆడవాళ్లందరికీ ఒకే రంగు మంగళగిరి చీరలు, మగవాళ్లకి ఒకే రంగు చొక్కాలు. నెమలికంఠం రంగని ఓటింగ్ పెట్టి మరీ తేల్చారు. జాకెట్టు మాత్రం ఎవరిది వాళ్లే కుట్టించుకోవాలి.

వెళ్లాలని నాకూ ఉంది. కానీ అద్దం ముందు నిలబడితే ఆ హుషారంతా నీరుగారిపోతోంది. తిండి పెంచింది లేదు, అయినా మూడేళ్లలో నడుం చుట్టూ కొవ్వు పట్టేసింది. రెండు బుగ్గల మీదా మంగు. పాపిడి దగ్గర జుట్టు పల్చబడి లోపలి చర్మం కనిపిస్తోంది, గోరింటాకు పెడితే తెల్లవెంట్రుకలు ఎర్రగా మెరిసి ఇంకా ఎత్తి చూపిస్తున్నాయి. చత్వారం సరేసరి, ఫోన్ చదవాలంటే చెయ్యి బారెడు చాపాలి. నెలసరి ఓ నెల వస్తే రెండు నెలలు పత్తా ఉండదు, అర్ధరాత్రి ఒళ్లంతా చెమటలు, ఆ తర్వాత నిద్ర పట్టదు, పొద్దున్నే కళ్లకింద వాపు.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు సంగతి ఇంకోటి. స్కూల్లో ఎప్పుడూ నేనే ఫస్టు. ఇది కలెక్టరు అవుతుందిరా అని మా లెక్కల మాస్టారు క్లాసులో అందరి ముందూ అనేవారు. డిగ్రీ అవగానే పెళ్లయింది, పిల్లలు, అత్తగారి మంచం, ఇప్పుడు కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు పిల్లలకి సాయంత్రాలు ట్యూషన్ చెప్తున్నా. గ్రూపులో చూస్తే ఒకామె బ్యాంకు మేనేజరు, ఒకామె డల్లాస్‌లో, నా వెనక బెంచీలో కూర్చుని నా హోంవర్కు చూసి రాసుకున్నవాడు డీఎస్పీ. ఆ రోజు ఒక్కొక్కరికీ మైకు ఇచ్చి పరిచయం చేసుకోమంటారట. తలుచుకుంటేనే నాలుక పిడచకట్టుకుపోతోంది.

మా అమ్మాయి ఏదో స్కిన్ క్లినిక్‌లో నలభై వేల ప్యాకేజీ ఉంది, చేయించుకో అంటోంది. మావారేమో నువ్వెలా ఉన్నా బాగుంటావ్ అంటారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఈ రెండున్నర నెలల్లో నిజంగా తేడా తెలిసేవి ఏమిటి, డబ్బు దండగ ఏమిటి, ముఖ్యంగా ఆ మైకు భయం పోవడానికి ఏమైనా ఉందా? సినిమా హీరోయిన్‌లా అవ్వాలని కాదు, వచ్చినవాళ్లు "అయ్యో ఏంటే ఇలా అయిపోయావ్" అనకుండా ఉంటే చాలు.

పార్లర్_అక్క_ఏలూరు:

అమ్మా, ముందు మంచి పని చేశావు, రెండున్నర నెలల ముందు అడిగావు. నా పార్లర్‌కి భోగి ముందు రోజు సాయంత్రం వచ్చి, అక్కా రేపటికల్లా మొహం వెలిగిపోవాలి అనేవాళ్లే ఎక్కువ. ఆ రోజు నేను ఫేషియల్ చెయ్యను, చేస్తే మర్నాటికి ఎర్రటి పొక్కులతో ఫోటోలు దిగుతారు, తిట్లు నాకు పడతాయి. ఫేషియల్ పది రోజుల ముందు, అదీ ఇదివరకు నీ ఒంటికి పడిందే. ఐబ్రోస్, పైపెదవి రెండు మూడు రోజుల ముందు. మంగు ఉన్న మొహానికి బ్లీచ్ జోలికి పోకు, మంట పుట్టిందంటే ఆ చోటు ఇంకా నల్లబడుతుంది.

జుట్టు సంగతి చెప్తా, నీకు అక్కడే ఎక్కువ లాభం. వట్టి గోరింటాకు తెల్లవెంట్రుకని నారింజ రంగులోకే తెస్తుంది, నల్లగా చేయదు. నల్లగా కావాలంటే రెండు పూటల పని. ముందు గోరింటాకు పెట్టి రెండు మూడు గంటలుంచి వట్టి నీళ్లతో కడుక్కోవాలి. తర్వాత నీలి ఆకు పొడి, అదే ఇండిగో అని అమ్ముతారు, గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పేసి కలిపి ఓ పావుగంట ఆగి వెంటనే పట్టించాలి. గోరింటాకులా రాత్రంతా నానబెట్టావా, రంగు చచ్చిపోతుంది. గంటన్నర ఉంచి మళ్లీ వట్టి నీళ్లే. షాంపూ రెండు రోజుల దాకా వద్దు. కడగ్గానే కాస్త పచ్చగా కనిపించి గుండె ఆగినంత పనవుతుంది, కంగారుపడకు, ఒకట్రెండు రోజుల్లో నల్లబడుతుంది. అందుకే ఇది ఇప్పుడోసారి చేసి చూసుకో, మళ్లీ పండక్కి వారం ముందు చేసుకో.

"నల్ల హెన్నా" అని ప్యాకెట్ల మీద రాసుంటుందే, చాలావాటిలో ఉండేది పీపీడీ అనే డై మందు. కొంతమందికి దాంతో నెత్తి, మొహం వాచిపోయి కళ్లు మూసుకుపోతాయి. ఏ డై అయినా చెవి వెనక కాస్త రాసి 48 గంటలు చూసుకున్నాకే తలకి.

పాపిడి పల్చబడిందన్నావు. ఇన్నేళ్లూ ఒకే చోట పాపిడి తీస్తున్నావు కదా? అరంగుళం పక్కకి తియ్యి, సగం కప్పబడిపోతుంది. మిగిలిన సగానికి జుట్టు రంగులోనే ఉండే పొడి, డై కాదు, బ్రష్‌తో అద్దుకుంటే ఎవరికీ తెలీదు. బరువైన సవరం మాత్రం కట్టకు, పల్చబడిన జుట్టుని కుదుళ్లతో సహా లాగేస్తుంది. ముడేసుకుని చుట్టూ చామంతులు పెట్టుకో, సంక్రాంతికి చామంతులకి కొదవా?

మేకప్ అంటావా, పగటి పూట స్కూలు గ్రౌండులో ఎండలో నిలబడే కార్యక్రమం. ఏసీ ఫంక్షన్ హాల్లో రాత్రి పెళ్లికి వేసేది ఇక్కడ వేస్తే పిండి చల్లినట్టుంటుంది. ఫౌండేషన్ కొనేటప్పుడు చేతి మీద కాదు, దవడ అంచున రాసుకుని షాపు బయటికొచ్చి వెలుతుర్లో చూసుకో. మెడా మొహమూ ఒకే రంగులో కలిసిపోయిందే నీది. ఒక షేడు తెల్లగా తీసుకుంటే బాగుంటుందని సేల్స్ పిల్ల అంటుంది, వినకు. కాటుక కింది రెప్పకి పెడితే మధ్యాహ్నానికి జారి కళ్లకింద నలుపు ఇంకా పెరుగుతుంది, పై రెప్పకి సన్నటి గీత చాలు.

కుండబద్దలు:

ఇంత హంగామా అవసరమా అనిపిస్తోంది చదువుతుంటే. అక్కడికొచ్చే వాళ్లంతా 47, 48 ఏళ్లవాళ్లే కదమ్మా. వాళ్లకీ పొట్టలు, వాళ్లకీ తెల్లజుట్టు. ఎవడి మొహం వాడు చూసుకోవడానికే టైము చాలదు, నీ బుగ్గల మీద మంగు ఎవరు లెక్కపెడతారు? స్నేహితుల దగ్గరికి స్నేహితురాల్లా వెళ్లు, పెళ్లిచూపులకి కాదు.

తెనాలి_ఆడపడుచు:

కుండబద్దలు గారూ, ఎవరి మొహం వాళ్లే చూసుకుంటారని మీరే అన్నారు, నేనూ అదే పని మీద ఉన్నాను, నా మొహమే చూసుకుంటున్నా :) మగవాళ్లు పొట్టతో వస్తే "బాగా సెటిలయ్యాడు" అంటారండీ, ఆడవాళ్లొస్తే అడిగే మొదటి ప్రశ్న "థైరాయిడా?" అని. మొన్న మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో ముగ్గురు అడిగారు.

పార్లర్ అక్కా, ఆ ఇండిగో సంగతి ఎవరూ చెప్పలేదు ఇంతవరకు. ఈ ఆదివారమే చూస్తా.

మందుల_కొట్టు_ఖమ్మం:

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి మేడమ్.

మీ పోస్టు చూడగానే నాకు భయం వేసింది మంగు దగ్గరే. ఎందుకంటే పండగల ముందు మా కౌంటర్ దగ్గరికొచ్చి ఫలానా ట్యూబు ఇవ్వు, మా వదిన రాసుకుంటే వారంలో తెల్లబడింది అని అడిగేవాళ్లు బోలెడు మంది. ఆ ట్యూబుల్లో ఎక్కువ భాగం మూడు మందుల కలయిక: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వీటికి తోడు ఒక స్టెరాయిడ్. వారం పది రోజుల్లో మొహం నున్నగా తెల్లగా అవడం నిజమే. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలొచ్చి, ఆపగానే మంట, ఆ మంగు ఇంకాస్త ముదురుగా తిరిగొస్తుంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఎలా దొరుకుతున్నాయో మీకు తెలుసు, నాకు తెలుసు.

దానికంటే ఘోరం కంపెనీ పేరూ ఊరూ సరిగ్గా లేకుండా ఆన్‌లైన్‌లో వచ్చే తెల్లబడే క్రీములు. కేరళలో మలప్పురం జిల్లాలో ఇలాంటివి వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు రావడాన్ని 2023లో అక్కడి డాక్టర్లు బయటపెట్టారు, కారణం వాటిలోని పాదరసం. ఇక మీ అమ్మాయి చెప్పిన ప్యాకేజీలో గ్లూటాథయాన్ ఇంజెక్షన్లు ఉన్నాయేమో అడగండి, రంగు తెల్లబడటానికని దానికి మన దేశంలో అనుమతి లేదు. పీలింగ్, లేజర్ లాంటివి ఉంటే మీ ఒంటి రంగుకి, మంగుకి సరిపడతాయో లేదో చర్మం డాక్టరే చూసి చెప్పాలి, రిసెప్షన్‌లో కూర్చున్నామె కాదు.

రెండున్నర నెలల్లో మంగు పూర్తిగా పోదు. ముదరకుండా ఆపొచ్చు, కొంత పలచబడేలా చేయొచ్చు. దానికి సన్‌స్క్రీనే సగం మందు. ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడుగునా పిండినంత, మొహానికీ మెడకీ. లేత గోధుమ రంగులో వచ్చే టింటెడ్ రకం తీసుకోండి. వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, మంగుని పెంచే మామూలు వెలుతురుని కూడా అది కొంత ఆపుతుంది, పైగా మచ్చలు కప్పి మేకప్ పని కూడా చేస్తుంది. పొయ్యి ముందు సెగ కూడా మంగుకి పడదు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, లేకపోతే కిటికీ అయినా తీసి పెట్టండి.

జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మందు ఎవరైనా మొదలెట్టమంటే ఈ పండగని లెక్కలోంచి తీసేయండి. దాని ఫలితం కనిపించడానికి నాలుగైదు నెలలు పడుతుంది, మొదటి వారాల్లో ఉన్న జుట్టే కాస్త ఎక్కువ రాలుతుంది. సంక్రాంతి అయ్యాక డాక్టర్‌ని అడిగి మొదలెట్టుకోవచ్చు. ముందు రక్తపరీక్షలు చేయించండి: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు). జుట్టు రాలడం, నీరసం, బరువు, వీటిలో చాలావాటికి కారణం అక్కడే దొరుకుతుంది. మన దేశంలో ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయే సగటు వయసే 46, 47, కాబట్టి మీ చెమటలూ నిద్రలేమీ వింతేం కాదు. కానీ ఓర్చుకుని కూర్చోవాల్సిన పనీ లేదు, గైనకాలజిస్టుకి చెప్తే మార్గాలున్నాయి. నిద్ర కుదిరితే కళ్లకింద వాపు దానంతటదే తగ్గుతుంది.

బరువు వారానికి అరకిలో చొప్పున పండగలోపు నాలుగైదు కిలోలు తగ్గడం జరిగే పనే. అన్నం మానక్కర్లేదు, సగం చేసి ఆ సగం చోట పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, 50 గ్రాముల పెసల్లో దాదాపు 12. అంటే పొద్దున రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా! నడకతో పాటు వారానికి రెండు మూడు రోజులు కండకి పని చెప్పే వ్యాయామం చేయండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తోయడం లాంటివి. ఈ వయసులో కండ కరిగిపోతుంది, నడుం దగ్గర కొవ్వు చేరేది అందుకు కూడా.

ఓరుగల్లు_బట్టతల:

మా బ్యాచ్ కలయిక పోయిన ఎండాకాలం హన్మకొండలో అయింది, కాబట్టి అనుభవం మీద చెప్తున్నా. ఏం ఫికర్ చేయకండి అక్కా.

మొదటి పది నిమిషాలే కష్టం. అందరూ గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్లని కళ్లు చికిలించి చూస్తూ పేర్లు వెతుక్కుంటుంటారు. ఆ తర్వాత ఎవడో ఒకడు "ఒరేయ్ కోతీ" అని పాత పేరుతో పిలుస్తాడు, ఇక అయిపోయింది. భోజనాల టైముకి ఎవరి షుగర్ ఎంత, ఎవరు ఏ బీపీ గోలీ వేస్తున్నారు అనే లెక్కలు నడుస్తాయి. మా దగ్గర ఒకాయన అదే రోజు పొద్దున తలకీ మీసాలకీ నల్లగా రంగేసుకుని వచ్చిండు, కణతల మీద చర్మానికి కూడా మరకలు, ఆ ఎండకి చెమట పట్టి కాలర్ నల్లబడింది. పాపం ఆయన మాట్లాడింది ఎవరికీ గుర్తులేదు, ఆ కాలరే గుర్తుంది. కాబట్టి ఏం చేసినా కనీసం ఐదారు రోజుల ముందు అయిపోవాలె.

మైకు గురించి. అందరికీ ఇస్తారు, రెండు నిమిషాలు అంటారు, పది నిమిషాలు మాట్లాడేవాళ్లే అందరినీ చంపుతారు. నాలుగు వాక్యాలు చాలు. పేరు, పదో తరగతిలో ఏ బెంచీ, ఇప్పుడేం చేస్తున్నారు, ఒక మాస్టారి గురించి ఒక చిన్న ముచ్చట. ఇంట్లో నిలబడి పైకి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మనసులో అనుకోవడం వేరు, నోటితో అనడం వేరు, రెండోది చేస్తేనే ఆ రోజు నోరు తిరుగుతుంది.

ఇంకొకటి, "ఏం లేదు, ఊరికే ఇంట్లోనే, ఏదో ట్యూషన్..." అని నసగకండి. "ఎనిమిదో తరగతి నుంచి టెన్త్ దాకా పిల్లలకి లెక్కలు చెప్తాను" అనండి, చుక్క పెట్టి ఆపండి. అది ఉద్యోగమే. ఆ డీఎస్పీ పిల్లలకి కూడా లెక్కల్లో ట్యూషన్ పెట్టించే ఉంటాడు, రాసిపెట్టుకోండి.

మరీ ముఖ్యంగా, ఉత్తగా అతిథిలా వెళ్లకండి, ఏదో ఒక పని నెత్తిన వేసుకోండి. మాస్టార్ల లిస్టు, శాలువాలు, పేర్ల బ్యాడ్జీలు, ఏదైనా. చేతిలో పనుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అనే బాధ ఉండదు. పొద్దున ముందే వెళ్లి అక్కడ నిలబడితే వచ్చేవాళ్లే మిమ్మల్ని పలకరిస్తారు, నిండిన సభలోకి అందరూ చూస్తుండగా నడిచి వెళ్లే టెన్షన్ తప్పుతుంది. గ్రూపులో ఒకరిద్దరు ఆడవాళ్లతో ఇప్పట్నుంచే విడిగా ఫోన్‌లో మాట్లాడుతుండండి.

అద్దాలు ఇప్పుడే చేయించండి. దూరానికీ దగ్గరికీ కలిపి ప్రోగ్రెసివ్ తీసుకుంటే అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది, మొదట్లో మెట్లు దిగేటప్పుడు తూలినట్టుంటుంది. మెరుపు కొట్టని కోటింగ్ వేయించండి, లేదంటే ప్రతి ఫోటోలో కళ్ల బదులు రెండు తెల్ల మచ్చలు వస్తయి. ఇక పళ్లు క్లీనింగ్ చేయించుకుంటే రెండు మూడు వారాల ముందే చేయించండి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు దాంతోనే సగం పోతది.

సూది_దారం:

అందరూ అన్నీ చెప్పారు, జాకెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు! ఒకే రంగు చీరలో అంతమంది వరసగా నిలబడితే తేడా కనిపించేది జాకెట్టులోనే. నేను టైలర్‌ని, లేడీస్ స్పెషల్, కాబట్టి నా మాట కాస్త వినండి అండీ.

డిసెంబర్ రెండో వారం దాటితే ఏ టైలరూ మీ మాట వినడు, సంక్రాంతి బట్టలు కొండలా పడుంటాయి. నవంబర్ నెలాఖరుకే కొలతలు ఇచ్చేయండి. పాత జాకెట్టు పంపి "ఇదే కొలత, కాస్త వదులు" అనొద్దు. ఆ జాకెట్టు కుట్టినప్పటి ఒళ్లు ఇప్పుడు లేదు. ఆ రోజు లోపల ఏది వేసుకుంటారో అదే వేసుకుని వచ్చి కొలతలు ఇవ్వండి, ఛాతీ దగ్గర పిన్నులు పీకి పీకి పెట్టుకునే బాధ తొంభై శాతం అక్కడే పోతుంది. మీరు బరువు తగ్గే పనిలో ఉన్నారు కాబట్టి రెండు పక్కలా లోపల మడత ఎక్కువ వదలమనండి, వారం ముందు వేసుకు చూసి ఓ కుట్టు లోపలికి వేయించుకోవచ్చు.

ట్రయల్ వేసేటప్పుడు అద్దం ముందు బొమ్మలా నిలబడి బాగుంది అనేసి రాకండి. రెండు చేతులూ పైకెత్తి, మీ కంటే పొడుగు మనిషి భుజాల మీద శాలువా కప్పుతున్నట్టు చూడండి. చంక కింద కుట్టు పట్టేస్తోందా, జాకెట్టు అంచు పైకి లేచిపోతోందా? ఆ రోజు డ్రోనూ, వీడియో అతనూ తీసేది సరిగ్గా ఆ క్షణమే. చేతులు మోచేతి దాకా పెట్టించుకోండి, భుజం కింద వదులైన కండ కనబడదు, మంగళగిరి నిజాం అంచుకి అందంగా కూడా ఉంటుంది. వెనక మెడ మరీ కిందికి దింపకండి, నడివీపు దగ్గర జాకెట్టు కోసుకుని రెండు మడతలుగా కనిపించేది అందుకే.

మంగళగిరి కాటన్ కొత్తలో బిర్రుగా ఉంటుంది, నడుం దగ్గర కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుంటే మనిషి ఇంకా లావుగా కనిపిస్తుంది. ఫాల్ వేయించి, నాలుగైదు సార్లు ఇంట్లో కట్టుకుని తిరిగితే దారికొస్తుంది. కుచ్చిళ్లు సన్నగా పెట్టి ఇస్త్రీ చేయించి క్లిప్పులతో ఉంచుకుంటే ఆ రోజు పొద్దున పది నిమిషాల పని. లోపల లంగా బొందు ఉబ్బెత్తుగా కనిపిస్తుందనుకుంటే, ఒంటికి అంటుకుని ఉండే సారీ షేప్‌వేర్ వేసుకోండి. అది కూడా ముందు ఇంట్లో మూడు నాలుగు గంటలు వేసుకుని చూడండి, కొంతమందికి భోజనం చేశాక ఊపిరాడదు. హైహీల్స్ వద్దే వద్దు, స్కూలు గ్రౌండు మట్టిలో మడమ దిగబడిపోతుంది. వెడల్పాటి అడుగున్న చెప్పులు వేసుకోండి.

తెనాలి_ఆడపడుచు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు.

ఇండిగో వేశా. అక్క చెప్పినట్టే ఆ సాయంత్రం పాచి రంగులో ఉంది, మా అమ్మాయి చూసి సోఫాలో పడి నవ్వింది. రెండో రోజుకి నల్లబడింది, ఎర్ర మెరుపు లేదు. పాపిడి పక్కకి తీస్తే ముందు ఎవరిదో మొహంలా అనిపించింది కానీ నిజంగానే పల్చగా ఉన్న చోటు కనపడట్లేదు. రక్తపరీక్షల్లో ఫెరిటిన్ బాగా తక్కువ, టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ. డాక్టరమ్మ మందులు రాశారు, బరువు సంగతి కూడా అడిగి తెలుసుకున్నా. ఇకనుంచి ఫంక్షన్లలో "థైరాయిడా?" అని అడిగితే అవును అని చెప్పేస్తా, ఏం చేస్తాం. నలభై వేల ప్యాకేజీ వద్దని మా అమ్మాయికి చెప్పేశా, అందులో ఆ ఇంజెక్షన్లు ఉన్నాయి మరి.

మాస్టార్ల లిస్టు పని నేనే తీసుకున్నా. ముందు లెక్కల మాస్టారికే ఫోన్ చేశా. ఆయనకి చెవులు సరిగ్గా వినపడట్లేదు, పేరు మూడుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది. గుర్తుపట్టాక కలెక్టరు మాటే ఎత్తలేదు. పిల్లలకి లెక్కలు చెప్తున్నానంటే "వృత్తానికి స్పర్శరేఖలు ఎలా చెప్తున్నావ్, బొమ్మ ముందు గీయిస్తున్నావా, సిద్ధాంతం ముందు చెప్తున్నావా" అని మొదలుపెట్టి అరగంట వదల్లేదు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. మైకులో చెప్పే ముచ్చట ఇదే అనుకుంటున్నా, కాకపోతే అందరికీ స్పర్శరేఖలు గుర్తున్నాయో లేదో.

ఒకటే మిగిలింది. ఫ్లెక్సీకి ఫోటో పంపమని రోజూ సతాయిస్తున్నారు. సెల్ఫీ తీస్తే ముక్కు పెద్దదిగా, మొహం వెడల్పుగా వస్తోంది. డల్లాస్ ఆమె పదేళ్ల కిందటి ఫోటో పంపింది, నాకు తెలుసు, చూశా.

ఓరుగల్లు_బట్టతల:

సెల్ఫీ వద్దు అక్కా. ఫోన్ మొహానికి మరీ దగ్గరుంటే ముందున్న ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తయి, మీ మొహం తప్పేం లేదు. కిటికీ ఎదురుగా, ఎండ నేరుగా పడకుండా నిలబడండి, మీ అమ్మాయిని ఓ ఆరడుగుల దూరం నుంచి కొంచెం జూమ్ పెట్టి, ఫోన్ మీ కళ్ల ఎత్తులో పట్టుకుని తీయమనండి. ఇరవై తీయమని చెప్పండి, రెండు పనికొస్తయి. ఇప్పటి ఫోటోనే పంపండి, పాతది పంపితే గేటు దగ్గర ఫ్లెక్సీనీ మిమ్మల్నీ మార్చి మార్చి చూస్తరు.

సూది_దారం:

ఫోటో అయ్యాక నా మాట ఒకటి. చీరలోని జాకెట్టు గుడ్డ వచ్చాక వెంటనే కుట్టడానికి ఇవ్వకండి. మామూలు నీళ్లలో ఉప్పేసి ఓ గంట నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడివ్వండి. కాటన్ కాబట్టి కుట్టాక కుదించుకుపోతే వదిలిన మడత కూడా సరిపోదు. రంగు దిగుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది, నెమలికంఠం రంగు చెమటకి చంకల దగ్గర దిగే అవకాశం ఉంది.